చెయ్యి ఎండేదాకా

కలకత్తా వెళ్ళొచ్చానంటే అందరూ విక్టోరియా మెమోరియల్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చూడలేదు. కాళీఘాట్ చూడలేదు, ట్రామెక్కలేదు. నేను చూసినదల్లా ఒక విశ్వవిద్యాలయంలో తరగతి గది, గార్డెన్ రీచ్‌లో పువ్వుల ఆయిల్‌క్లాత్ పరిచిన ఒక భోజనాల బల్ల. వెళ్ళనివారికి ముఖ్యంగా ఆ బల్ల గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో నా ఉద్యోగం. మా సరుకు కొంత స్పెయిన్ వెళ్తుంది. అక్కడి కొనుగోలుదారులతో వాళ్ళ భాషలోనే మాట్లాడే మనిషి కావాలని యజమానులు అనుకున్నారు. అంతర్జాతీయ వ్యాపారంతో పాటు స్పానిష్ నేర్పే కోర్సు కలకత్తాలో ఉంది. ఉద్యోగస్తులు ఇంటి దగ్గరే చదువుకుని, చివర్లో ఒకసారి వెళ్ళి తరగతుల్లో కూర్చుని, మౌఖిక పరీక్ష పూర్తిచేసుకు రావాలి. పాసైతే స్పెయిన్ వ్యవహారమంతా నా చేతికి వస్తుంది. లేకపోతే ప్యాకింగ్ విభాగంలోనే తల నెరుస్తుంది.

మా తాతగారి రోజుల్లో నౌపడా దిగువన సముద్రం పక్క మా ఉప్పు మడులు కనుచూపు మేర ఉండేవి. ఉప్పు నిలవచేసే పెద్ద కొఠారు ఉండబట్టి మమ్మల్ని కొఠారు వారు అనేవారు. మడులు కోర్టుల్లో పోయాయి, కొఠారు తర్వాత వచ్చిన తుఫానుల్లో పోయింది. నాకు మిగిలింది ఆ పేరు, నిటారుగా నిలబడే వీపు. రెండింటినీ వంచే ఉద్దేశం నాకు లేదు.

హౌరా నుంచి లోపలికి

రైలు దిగేసరికి వాన. స్టేషను బయట మట్టి ముంతలో టీ ఇచ్చారు, పది రూపాయలు. టీ కంటే ముందు తడిసిన మట్టి వాసన నోట్లోకి వస్తుంది. తాగాక ముంతను బుట్టలోకి విసిరేయాలట. మా ఇంట్లో ఎవరి వెండి గ్లాసు వారికే ఉండేది, అడుగున పేరు చెక్కి. ఇక్కడ అందరూ ఒకేలాంటి ముంతలో తాగి, ఒకేలా పగలగొట్టి పోతున్నారు. ఆ ముంతను విసరడానికి నాకు చెయ్యి రాలేదు. రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

బస్సులో కండక్టరు తలుపు చరుస్తూ "ఆస్తే, లేడీస్!" అని అరుస్తాడు. అంటే ఆడవాళ్ళు దిగుతున్నారు, నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకు చెప్పడం. నేను దిగే చోట మాత్రం అంత మర్యాద చూపలేదు. "దాదా, నామున్, నామున్!" అంటూ, అన్నా దిగు దిగమని తొందరపెట్టాడు. దిగాను. మోకాలు లోతు నీళ్ళు. అడుగు తీసేలోగా ఎడమకాలి చెప్పు ఎటో తేలిపోయింది. దాని వెనక పరుగెత్తడం నాకు కుదిరే పని కాదు. కుడికాలిదీ అక్కడే వదిలేసి, మొదటి తరగతికి ఇస్త్రీ ప్యాంటు, దారిలో కొన్న రబ్బరు స్లిప్పర్లతో హాజరయ్యాను.

పళ్ళెం ముందు పాఠం

మా టీచరు బెంగాలీ ఆవిడ, స్పెయిన్‌లో చాలాకాలం ఉండి వచ్చారు. పరీక్ష ఎలా ఉంటుందో ఆవిడ మొదటిరోజే చెప్పారు. పరీక్ష అంటే భోజనం. ఒకరు స్పెయిన్ నుంచి వచ్చిన కొనుగోలుదారు, ఇంకొకరు ఇక్కడి అమ్మకందారు. ఇద్దరూ నిజంగానే కూర్చుని భోంచేయాలి. ఊరు, వాన, ఇల్లు, పిల్లలు, ఇవన్నీ మాట్లాడుకోవాలి. పళ్ళేలు తీసేశాక కూడా లేవకూడదు. కాఫీ వచ్చి, కబుర్లు నడిచి, అప్పుడు తీరిగ్గా ధర సంగతి ఎత్తాలి. భోజనం అయ్యాక బల్ల దగ్గర అలా కూర్చుండిపోవడానికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, సోబ్రెమేసా. అక్కడ బేరాలు కుదిరేది ఆ వేళలోనేనట.

మా ఇంట్లో భోజనం వేళ మాట ఉండేది కాదు. మగవాళ్ళు పీటల మీద వరుసగా కూర్చునేవారు. ఏదైనా కావాలంటే తాతగారు వేలితో చూపించేవారు. తినడం అవగానే లేచి చెయ్యి కడుక్కోవడం, అంతే. అది పెద్దరికం అనుకునేవాళ్ళం. ఇప్పటికీ అనుకుంటాను.

ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో అభ్యాసం. నేను తలెత్తకుండా అన్నం తిని, తిన్నవెంటనే లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాను. వెనక్కి తిరిగేసరికి తరగతంతా నవ్వుతోంది.

"మీ కొనుగోలుదారు విమానమెక్కి వెళ్ళిపోయింది," అన్నారు టీచరు.

ఆ కొనుగోలుదారు వేషం వేసిన అమ్మాయి గౌరి. అక్కడే మూడో సంవత్సరం అంతర్జాతీయ వ్యాపారం, స్పానిష్ చదువుతోంది. మాలాంటి బయటి విద్యార్థులకు అక్కడి విద్యార్థులను జత చేస్తారు. రెండూ తెలుగు పేర్లని మమ్మల్ని కలిపారు. ఆ అమ్మాయికీ ఈ పరీక్షకు మార్కులున్నాయి, నేను చెడగొడితే ఇద్దరికీ పోతాయి.

"దాదా, ఏటిది? ఆకలేసిన బస్సు డ్రైవర్లాగ తినీసి లెగిసిపోతావేటి?" అంది.

ఇరవై ఏళ్ళ పిల్ల నన్ను నువ్వు అంది. కోపం రావలసింది. ఎందుకో రాలేదు. మా వైపు యాస విని ఎన్నాళ్ళయిందో.

"ఇలగైతే మనిద్దరం ఫెయిలే. రేపట్నుంచి మధ్యాహ్నం మా ఇంటికి రా. మా మామ్మ దగ్గర తింటే నీకు మాటలు అవే వస్తాయి. మామ్మకి స్పానిష్ రాదు గానీ, పరీక్ష పెడితే ఫస్టు మామ్మే."

గార్డెన్ రీచ్

బస్సు దిగి, ఆటోలో ఇరుక్కుని, ఓడలు కట్టే యార్డు గోడ వెంట వెళ్ళాలి. గోడ మీదుగా క్రేన్లు కనిపిస్తాయి, వానలో తడుస్తున్న కొంగల్లాగా. గౌరి తండ్రిది అక్కడే పని, తల్లిది బట్టలు కుట్టే చోట. పగలు ఇంట్లో మామ్మ ఒక్కతే. ఆవిడ పేరు పైడమ్మ. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ కలకత్తాలోనే ఉన్నా, నోట్లో శ్రీకాకుళం చెక్కుచెదరలేదు.

మొదటి అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో సగం ఆ బల్లే. పాత ఓడలోంచి తీసిన బల్లను ఆవిడ భర్త కొని తెచ్చాడట. చుట్టూ ఎత్తుగా చిన్న అంచు ఉంది, సముద్రం ఊగినప్పుడు పళ్ళేలు జారకుండా.

వానాకాలం కదా, ఆ రోజు ఇలిశ చేప, మన పులస. బెంగాలీలు దాన్ని ఆవపిండితో వండుతారు. పైడమ్మ చింతపండు పులుసు పెట్టింది.

"పక్కింటి బెంగాలీ మనిసి సూసి ఏడిసినంత పని సేసింది. ఇలిశకి పులుసేటి, పాపం తగుల్తాదని," అంటూ నవ్వి, పళ్ళెం పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుంది. "కూకో నాయనా. ఏటలాగ? గెడకర్ర మింగీసి వొచ్చినావా?"

నా వీపు గురించి ఎవరూ అలా అనలేదు. నేను తినడం మొదలుపెట్టాను, తలవంచుకుని.

"మాటాడకుండా తింతన్నావు. కూర బాగోనేదా?"

"బాగుందండి. మా ఇంట్లో భోజనం చేసేటప్పుడు మాట్లాడం."

"ఓలమ్మ! మరెప్పుడు మాటాడుకుంతారు, నిద్దర్లోనా?"

గౌరి పొలమారి దగ్గింది. నేనూ నవ్వాను. అన్నం నోట్లో ఉండగా నవ్వడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను.

ఇలిశ తొందరగా తినే చేప కాదు. దారాల్లాంటి ముళ్ళు, నా ముక్కలోవి పైడమ్మే ఏరిపెట్టింది. ఒక్కొక్కటీ ఏరుతుంటే మాట దానంతటదే వస్తుంది. పైడమ్మ చెప్పేది. కొత్తలో కలకత్తా పప్పులో పంచదార చూసి ఎవరో ఏడిపించడానికి వేశారనుకుందట. దాన్ని పారబోసి తన పప్పు తనే వండుకుందట. తినడం అయింది. నేను లేవబోయాను. ఇద్దరూ కదల్లేదు.

"అదే దాదా, అదే సోబ్రెమేసా," అంది గౌరి. "లెగవకు."

కూర్చున్నాను. వేళ్ళకు పులుసు ఆరి, చర్మం బిగుసుకుంటోంది. చిన్నప్పుడు ఇలా కూర్చుంటే చెయ్యి ఎండితే దరిద్రమని కేకలేసేవారు. ఆ మాటే చెప్పాను.

"అయితే మీ ఇంట్ల ఎవులూ సెయ్యి ఎండబెట్టుకోనేదా?" అంది పైడమ్మ.

"ఒక్కరూ లేరండి."

"మరి బాగున్నారా?"

దరిద్రం మా ఇంటికి కడిగిన చేతుల మీదుగానే వచ్చింది.

తర్వాత రోజు తోటకూర, రొయ్యలు. ఆ పై రోజు మెత్తళ్ళ వేపుడు. బజారులో టమాటా బేరమాడుతూ స్పానిష్‌లో అంకెలు వల్లించాము, కూరలమ్మే ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది. మధ్యాహ్నం ఆ బల్ల. స్పెయిన్ ఎలా ఉంటుందో నాకు తెలియదు. గార్డెన్ రీచ్‌లోని ఆ గది కోసం మాత్రం పొద్దున తరగతి ఎప్పుడవుతుందా అని గడియారం చూసేవాణ్ణి. విశాఖపట్నంలో అద్దెగదిలో క్యారియరు భోజనం ఒంటరిగా తినే మనిషికి అది ఎంత పెద్ద విందో చెప్పలేను. పెళ్ళి కాలేదు నాకు. మా అంతస్తుకు తగ్గ సంబంధాలు రాలేదు. వచ్చినవారికి మా అంతస్తు కనబడలేదు.

ఉప్పు మడుల పేరు

నాలుగో మధ్యాహ్నం పూర్తి అభ్యాసం పెట్టుకున్నాం. గౌరి కొనుగోలుదారు, నేను అమ్మకందారు. పైడమ్మ ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని, అర్థంకాని భాష వింటూ, మధ్యమధ్య అన్నం వడ్డిస్తోంది.

వ్యాపారం ఎత్తే ముందు కుటుంబం గురించి అడగాలి కదా. గౌరి స్పానిష్‌లో అడిగింది. "మీ కుటుంబం గురించి చెప్పండి. మీవాళ్ళు ఏం చేసేవారు?"

నేను చెప్పాను. మాటలు తడబడలేదు. సముద్రం పక్క ఉప్పు మడులు, ఎండలో మెరిసే ఉప్పు కుప్పలు, ఓడలు, కొఠారు. ఇన్నేళ్ళుగా ఈ మాటలు అడిగినవాళ్ళు లేరు. ఎవరూ అడగని మాటను మనంతట మనం చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. ఇప్పుడు ఒకరు అడిగారు, పరాయి భాషలోనే అయినా.

"ఏటంతన్నాడే?" అంది పైడమ్మ.

"వాళ్ళ తాతకి ఉప్పు మడులుండేవట మామ్మా. పెద్ద కొఠారుండేదట."

"ఏ కొఠారు?"

ఊరి పేరు చెప్పాను. ఇంటిపేరు చెప్పాను. తాతగారి పేరూ చెప్పాను.

పైడమ్మ చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. లేచి నిలబడింది. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, ఎడమచేత్తో పైట భుజం మీదుగా లాక్కుంది.

"పెదబాబు మనవడివా! ఓలె గౌరీ, లెగు. లెగవే ముందు."

"ఎందుకు?"

"లెగమంతంటే!"

గౌరి లేచింది. పైడమ్మ తన పళ్ళెం, గౌరి పళ్ళెం తీసి లోపలికి పట్టుకుపోయింది. బల్ల మీద నా పళ్ళెం ఒక్కటే మిగిలింది.

ఒక నిమిషం నాకు ఛాతీ పొంగింది. నిజం దాచను. నేను పెద్దయ్యాక ఆ పేరు విని లేచి నిల్చున్నవాళ్ళను చూడలేదు. బ్యాంకులో ఆ పేరు చెబితే స్పెల్లింగ్ అడుగుతారు. ఇక్కడ, ఇంత దూరాన, ఆ పేరు ఇంకా బతికే ఉంది.

తర్వాత ఎదురుగా ఖాళీ అయిన రెండు కుర్చీలు కనిపించాయి.

"మామ్మా, కూర్చోండి. అన్నం మధ్యలో లేస్తారా?"

"నాను కూకోడమేటి బాబూ. మా మావ మీ మడుల్లో ఉప్పు గీసినాడు. మా ఆయన సిన్నప్పుడు పెద్ద గాలొచ్చి ఇళ్ళన్నీ ఎగిరిపోతే, మీ తాత కొఠారు తలుపులు తీయించి అందరినీ లోపలెట్టినాడు. ఉప్పంతా నీరైపోయినా సరే అన్నాడట. మా ఆయన ఆ రేత్రి అందులోనే బతికినాడు. ఆయన బతక్కపోతే ఈ గుంటేది, నానేది?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళు మీ ఎదుర కూకుని, గెడకర్రని కూడా అన్నాను. సెమించు బాబూ."

మా తాతగారు చేసిన ఆ మంచిపని గురించి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. చెడ్డపనై ఉంటే నేను క్షమాపణ చెప్పేవాణ్ణి, ఆవిడ కూర్చునేదేమో. మంచి పనికి నా దగ్గర విరుగుడు లేదు.

బడ్జ్ బడ్జ్

ఆదివారం సెలవు. గార్డెన్ రీచ్ వెళ్ళబుద్ధి కాలేదు. లోకల్ రైలెక్కి బడ్జ్ బడ్జ్ వెళ్ళాను. నూనె ట్యాంకులు, జనపనార మిల్లు గోడలు, వాటి వెనక మన కళ్ళకు సముద్రమే అనిపించేంత గంగ. టీ కొట్టు బెంచీ మీద నలుగురు కూర్చుని ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకుంటున్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. "బోషున్ దాదా." కూర్చోమని.

నా పేరడగలేదు. బజ్జీ తుంచి సగం ఇచ్చారు. నా బెంగాలీకి పడీపడీ నవ్వారు. వాన తగ్గేదాకా కూర్చున్నాను. చాలా బాగుంది. కానీ ఆ బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు. అందరికీ జరిగే చోటు అది. నాకు గుర్తొచ్చింది నన్ను వెక్కిరించి, నా కోసం ముళ్ళు ఏరిపెట్టిన మనిషి. ఆవిడకు నేను ఎవరో తెలియకుండా ఉండవలసిందని అనుకోలేను, ఆ పేరు నేనెవరి ముందూ దాచను. తెలిసీ కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అని నది వైపు చూస్తూ ఉండిపోయాను.

పరీక్ష

విశ్వవిద్యాలయం అతిథిగృహంలో పరీక్ష. తెల్లగుడ్డ పరిచిన బల్ల, పక్కన ఇద్దరు పరీక్షకులు. రెండు రోజులుగా గౌరి నాతో ముభావంగా ఉంది. ఇంట్లో నన్ను బాబుగారు అనమని పోరుతున్నారట. "నాకు నోరు తిరగదు దాదా, అలాగని మామ్మ ముందర దాదా అనలేను," అంది.

పులావ్, కోడికూర వచ్చాయి. వాన గురించి మాట్లాడాం. తర్వాత గౌరి నోట ఆ ప్రశ్న రానే వచ్చింది. "మీ కుటుంబం గురించి చెప్పండి."

మడుల గురించి చెప్పబోయాను. నోట్లోంచి స్పానిష్‌లో వేరే మాట వచ్చింది.

"సెన్యోరా, ఈ ఊళ్ళో నది పక్కన ఒక బల్ల ఉంది. పాత ఓడలోంచి వచ్చింది. ఆ బల్ల దగ్గర ఒక ముసలావిడ నా వీపు చూసి నవ్వింది. ఆవిడ నవ్వితే ఇల్లంతా నవ్వేది. మూడు మధ్యాహ్నాలు నేను ఆ ఇంట్లో మనిషిని. ఇప్పుడు పెద్ద అతిథిని."

గౌరి చెంచా పళ్ళెంలో పెట్టింది. తర్వాత గబగబా, పాఠం అప్పజెప్పినట్టు, "టన్ను రొయ్యలు ఏ ధరకు ఇస్తారు?" అంది.

పరీక్షకుల్లో ఒకరు కలం ఎత్తారు. ధర మాట ఎత్తకూడని వేళ అది.

"తొందరేముంది సెన్యోరా, కాఫీ ఇంకా రాలేదు," అన్నాను. "మీ అమ్మాయి చదువు ఎలా ఉంది?"

కలం దిగింది. గౌరి కళ్ళు తుడుచుకుని లేని కూతురి చదువు గురించి చెప్పింది. కాఫీ వచ్చింది. ఆ తర్వాత ధర కుదరడం పెద్ద పని కాలేదు. ఇద్దరం పాసయ్యామని సాయంత్రమే టీచరు చెప్పారు. "ఇంక లేవవచ్చు" అని కూడా అన్నారు.

వెళ్ళే రోజు

రాత్రి రైలు. మధ్యాహ్నం భోజనానికి మామ్మ పిలిచిందని గౌరి చెప్పింది. కొత్త చెప్పులు కొనుక్కుని వెళ్ళాను.

ఇలిశ పులుసు మళ్ళీ. ఆయిల్‌క్లాత్ మీద కొత్త స్టీలు పళ్ళెం, ఒక్కటే. పైడమ్మ లోపలి గుమ్మం దగ్గర నిలబడింది, ఆవిడ వెనక గౌరి.

"కూర్చో మామ్మా," అన్నాను. మొదటిసారి నువ్వు అన్నాను, మనవడు అన్నట్టు. "ఇవాళ ఒక్కరోజు."

"మీరు తినండి బాబూ. నాను తరవాత తింతాను."

"నాకు మాట్లాడకుండా తినడం చేతకావడం లేదు."

"సెప్పండి బాబూ, వింతన్నాను."

వింటానంది. ఆవిడ మాట్లాడితే నేను వినాలని ఎలా చెప్పను? తిన్నాను. ముళ్ళు నేనే ఏరుకున్నాను. పళ్ళెం ఖాళీ అయింది. లేవలేదు. నేను కూర్చునే ఉంటే ఎప్పటికైనా ఆవిడ విసిగి కూర్చుంటుంది అనుకున్నాను. పట్టుదలకు మా ఇంట్లో లోటు లేదు. బయట వాన పెరిగింది, తగ్గింది. వేళ్ళ మీద పులుసు ఆరిపోయి తెల్లగా పొలుసు కట్టింది.

పైడమ్మ గుమ్మానికి చెయ్యి ఆనించింది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చింది. కాసేపటికి మళ్ళీ మొదటి కాలి మీదికి. కూర్చోలేదు.

గౌరి నీళ్ళ చెంబు పెట్టే వంకతో నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అంది.

"దాదా, నువ్వు లెగిస్తేనే మామ్మ కూకుంటాది. పొద్దున్నించి తిన్లేదు."

లేచాను. చెయ్యి కడుక్కున్నాను. పైడమ్మ నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. అంతవరకు ఒప్పుకుంది. "స్పెయిన్ దేశం ఎల్తే జాగర్త బాబూ, సలికి" అంది. మెట్లు దిగాను.

కింద గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా పైన కుర్చీ లాగిన చప్పుడైంది. ఇంకో కుర్చీ. పళ్ళేలు. గౌరి ఏదో అంది, దానికి పైడమ్మ పెద్దగా నవ్వింది, అన్నం నోట్లో పెట్టుకుని నవ్వే ఆ నవ్వు. గొడుగు విప్పి రోడ్డు మీదికి వెళ్ళాను. ఆటో ఒకటి ఆగింది, వద్దన్నాను. వాళ్ళు తిని, మాట్లాడుకుని, లేచేదాకా ఆ కిటికీ కింద నిలబడ్డాను.